రాత్రిపూట పసిబిడ్డ ముక్కుతూ మూలుగుతూ ఉంటే ఏం చేయాలి?

రాత్రి రెండు గంటలవుతుంది. పక్కనే ఉన్న తొట్టిలోంచి మొదట చిన్న మూలుగు, ఆ వెంటనే గట్టిగా ముక్కుతున్న చప్పుడు. లేచి చూస్తే బిడ్డ ముఖం ఎర్రగా కందిపోయి ఉంటుంది. కాళ్లు పొట్టలోకి ముడుచుకుని, పిడికిళ్లు బిగించి ఉంటుంది. కళ్లు మాత్రం మూసే ఉంటాయి. మా పాప పుట్టిన రెండో వారంలో ఇలా కనిపించిన ప్రతిసారీ నేను గబుక్కున ఎత్తుకునేదాన్ని. ఎత్తగానే పాప కళ్లు తెరిచి గుక్కపెట్టి ఏడ్చేది. కడుపునొప్పే అనుకుని భుజాన వేసుకుని గంటల తరబడి తిరిగేదాన్ని. పాప అప్పటిదాకా నిద్రలోనే ఉందనీ, లేపుతున్నది నేనేననీ అర్థం కావడానికి చాలా రాత్రులు పట్టింది. మీ ఇంట్లో అన్ని రాత్రులు అలా గడవకూడదనే ఇది రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేదంతా నెలలు నిండి పుట్టి, పాలు బాగా తాగుతూ, బరువు పెరుగుతున్న బిడ్డల గురించి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల విషయంలో డాక్టర్ చెప్పినట్టే నడుచుకోండి.

1. ఎత్తుకునే ముందు కాసేపు చూడండి

పుట్టిన కొత్తలో బిడ్డ నిద్రలో దాదాపు సగం కదలికల నిద్రే. ఆ నిద్రలో రెప్పల కింద కనుగుడ్లు కదులుతాయి. పెదవులు చప్పరిస్తుంది, మూలుగుతుంది, ఉలిక్కిపడుతుంది, ఒక్కోసారి రెండు మూడు సెకన్లు ఏడ్చినట్టు చేసి ఊరుకుంటుంది. సుమారు గంటకొకసారి ఒక నిద్ర ముగిసి మరొకటి మొదలవుతుంది. చప్పుళ్లు ఎక్కువగా వినిపించేది ఆ సంధిలోనే. అప్పుడు తాకకుండా ఉంటే చాలాసార్లు బిడ్డ తనంతట తానే మళ్లీ గాఢనిద్రలోకి జారుకుంటుంది.

అందుకే లేచి దగ్గరికి వెళ్లండి, కానీ వెంటనే ఎత్తుకోకండి. దీపం వేయకుండా, మాట్లాడకుండా ఒకటి రెండు నిమిషాలు నిలబడి చూడండి. కళ్లు మూసే ఉన్నాయా? ఏడుపు ఆగి ఆగి వస్తోందా, అంతకంతకూ పెరుగుతోందా? తల అటూ ఇటూ తిప్పుతూ, నోరు తెరిచి, చేతిని నోటి దగ్గరికి తెచ్చుకుంటుంటే అది ఆకలి. ఏడుపు దాకా ఆగకుండా పాలివ్వండి. మొదటి వారాల్లో రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తాగడం మామూలే. కళ్లు మూసుకుని ముక్కుతూ ఉంటే మాత్రం ఆగండి. ఆగినంత మాత్రాన బిడ్డను పట్టించుకోనట్టు కాదు.

ఊపిరి తీరు కూడా కొత్త తల్లిదండ్రులను భయపెడుతుంది. గబగబా కొన్ని ఊపిరులు తీసి, ఐదు పది సెకన్లు ఆగి, మళ్లీ మొదలుపెడుతుంది. నిమిషానికి 30 నుంచి 60 సార్లు ఊపిరి తీయడం ఈ వయసులో మామూలే. లెక్కపెట్టాలనుకుంటే బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు, పొట్ట ఎగసిపడటం చూస్తూ నిండుగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కించి నాలుగుతో హెచ్చిస్తే ఆ ఆగి ఆగి తీసే ఊపిరి వల్ల లెక్క తప్పుతుంది.

2. చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో వినండి

పసిబిడ్డలు ప్రధానంగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు. ఆ దారి చాలా సన్నం. రవ్వంత చీమిడి ఉన్నా గురగురమంటుంది. పాలు తాగేందుకు అడ్డం రాకపోతే దాన్ని వదిలేయవచ్చు. ముక్కు పట్టేసి పాలు తాగలేకపోతుంటే, పాలిచ్చే ముందు చిన్నపిల్లల సెలైన్ చుక్కలు ఒక్కో రంధ్రంలో ఒకటి రెండు వేసి, నిమిషం ఆగి, బయటికి వచ్చినదాన్ని మెత్తని బట్టతో తుడవండి. పుల్లలు లోపలికి పెట్టవద్దు. నూనె అసలే వేయవద్దు, అది ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రమాదం.

గురగుర కాకుండా, ఊపిరి లోపలికి తీసుకున్న ప్రతిసారీ సన్నగా కూసినట్టు శబ్దం వస్తుంటే డాక్టర్‌కు చూపించండి. స్వరపేటిక చుట్టూ ఉన్న కణజాలం ఇంకా మెత్తగా ఉండటం వల్ల కొందరు పిల్లలకు ఇలా వస్తుంది. చాలామందిలో ఎదిగేకొద్దీ అదే తగ్గిపోతుంది. అయినా అది అదేనని చెప్పాల్సింది డాక్టరే.

3. ముక్కడం వేరు, మలబద్ధకం వేరు

పది పదిహేను నిమిషాలు ముఖం కందిపోయేలా ముక్కి, ఏడ్చి, చివరికి మెత్తగా విరేచనం చేస్తే అది మలబద్ధకం కాదు. విరేచనం కావాలంటే పొట్ట కండరాలు బిగించి, అదే క్షణంలో మలద్వారాన్ని వదులు చేయాలి. పుట్టిన కొత్తలో బిడ్డకు ఈ రెండూ ఒకేసారి చేయడం రాదు. పైన నెడుతూనే కింద బిగబడుతుంది. కొన్ని వారాల్లో దానంతటదే నేర్చుకుంటుంది. ఈలోగా థర్మామీటరో పుల్లో పెట్టి విరేచనం చేయించవద్దు. అలా అలవాటు చేస్తే ఆ నేర్పు రావడమే ఆలస్యమవుతుంది. మలం చిన్న చిన్న ఉండలుగా, గట్టిగా వస్తేనే మలబద్ధకం అనుకోవాలి.

4. రాత్రి కడుపును పగలే చూసుకోండి

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. రాత్రి కడుపుబ్బరానికి చేయగలిగిన పనిలో చాలా భాగం పాలు పట్టేటప్పుడే ఉంది. గాలి కడుపులోకి వెళ్లేది రెండు దారుల్లో, పాలతో పాటు మింగడం ఒకటి, ఏడుస్తూ మింగడం రెండోది. గాలి వల్ల ఏడుస్తోందని మనం అనుకునే చాలా సందర్భాల్లో, ఎక్కువసేపు ఏడవడం వల్లనే గాలి చేరి ఉంటుంది.

తల్లిపాలు ఇస్తుంటే, బిడ్డ నోరు బాగా తెరిచాకే దగ్గరికి తీసుకోండి. చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా, ముఖ్యంగా కింది వైపు, నోట్లోకి వెళ్లాలి. కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి, గడ్డం రొమ్ముకు ఆనాలి. గుటక వేస్తున్న చప్పుడు వినపడాలి. టక్ టక్‌మని నాలుక చప్పుడు వస్తే పట్టు జారి గాలి వెళుతోందన్నమాట. నోటి మూలలోంచి మీ వేలు మెల్లగా పెట్టి విడిపించి, మళ్లీ పట్టించండి. పాలు ధారగా వచ్చి బిడ్డకు పొలమారుతుంటే మీరు వెనక్కి వాలి కూర్చుని, బిడ్డను మీ మీద పడుకోబెట్టుకుని ఇవ్వండి. పాలు పైకి ఎక్కాల్సి రావడంతో ధార వేగం తగ్గుతుంది.

సీసాతో పడుతుంటే, బిడ్డను కాస్త నిటారుగా పట్టుకుని, పాలపీక ఎప్పుడూ పాలతో నిండి ఉండేలా సీసా వంచండి. పొడిపాలు కలిపేటప్పుడు గట్టిగా కుదిపితే నురగ వస్తుంది. నెమ్మదిగా తిప్పి కలిపి, నురగ అణిగేదాకా ఆగండి. సీసా ఖాళీ కావాల్సిందేనని పట్టుబట్టకండి. తల తిప్పేసుకుంటే ఇక చాలని చెప్పినట్టే.

5. త్రేన్పు, ఆ తర్వాత పడక

త్రేన్పు తెప్పించడానికి గట్టిగా చరచనక్కరలేదు. బిడ్డ పొట్ట మీ భుజానికి ఆనేలా ఎత్తి పట్టుకోండి, లేదా ఒళ్లో కూర్చోబెట్టి గడ్డం కింద అరచేయి ఆనించండి (గొంతు నొక్కకూడదు). నడుము దగ్గర మొదలుపెట్టి మెడ దాకా వీపును నెమ్మదిగా నిమరండి. ఐదు నిమిషాలు చూసినా రాకపోతే వదిలేయండి. ప్రతిసారీ త్రేన్పు రావాలని నియమమేమీ లేదు. పాలు కక్కే బిడ్డనైతే ఇరవై ముప్పై నిమిషాలు నిటారుగా ఎత్తుకోండి. ఆ తర్వాత పడక మీద వేసేటప్పుడు ముందు పిరుదులు, తర్వాత వీపు, చివరగా తల ఆనేలా దించితే ఉలికిపాటు తగ్గుతుంది. దించాక అరచేతిని బిడ్డ ఛాతీ మీద అర నిమిషం ఉంచి, నెమ్మదిగా తీయండి. నాకు అన్ని చిట్కాల్లోకీ బాగా పనికొచ్చింది ఇదే.

పడుకోబెట్టడం ఎప్పుడూ వెల్లకిలానే. కడుపునొప్పి పోతుందని బోర్లా పడుకోబెట్టి నిద్రపోనివ్వవద్దు. తల కింద దిండు, మెత్తని పరుపు, వాలుగా ఉండే పడకలు కూడా వద్దు. పాలు కక్కితే గొంతులోకి పోతుందేమోనని చాలామంది భయపడతారు. వెల్లకిలా ఉన్నప్పుడు ఊపిరి గొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి కాబట్టి కక్కినది ఎక్కి ఊపిరి దారిలో పడటం కష్టం. అమెరికాలో 1994లో పిల్లలను వెల్లకిలా పడుకోబెట్టాలని ప్రచారం మొదలయ్యాక, నిద్రలో హఠాత్తుగా చనిపోయే శిశువుల సంఖ్య సుమారు సగానికి తగ్గింది. ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరి మాటకూ లొంగకండి. బోర్లా పడుకోబెట్టడం పగటిపూట, బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు, మీ కళ్ల ముందే.

6. నిజంగానే కడుపు ఇబ్బంది పెడుతుంటే

బిడ్డ పూర్తిగా మేల్కొని, కాళ్లు ముడుచుకుంటూ ఏడుస్తోందనుకుందాం. మీ చేతులు రుద్దుకుని వెచ్చగా చేసుకోండి. మోకాళ్లు రెండూ పట్టుకుని సైకిల్ తొక్కినట్టు నెమ్మదిగా ఆడించండి. మధ్యమధ్య రెండు మోకాళ్లనూ పొట్టకు ఆనించి, ఐదు లెక్కపెట్టి, వదలండి. తర్వాత బొడ్డు చుట్టూ గడియారం ముల్లు తిరిగే దిశలోనే వేళ్లతో మెల్లగా నిమరండి. పెద్దపేగు దారి అటే. పాలు తాగిన వెంటనే ఇది చేయకూడదు, కనీసం అరగంట ఆగాలి. బొడ్డుతాడు ఇంకా ఊడకపోతే పొట్ట నిమరడం మాని, కాళ్ల కదలికలతో సరిపెట్టండి.

మీ ముంజేయి మీద బిడ్డను బోర్లా వేసుకుని, తల మోచేతి మడతలో ఆనించి, మెల్లగా అటూ ఇటూ నడవడం కూడా బాగా పనిచేస్తుంది. చొక్కా తీసి మీ గుండెకు హత్తుకుని, పైన దుప్పటి కప్పుకోవడం ఇంకొకటి. దీన్ని తండ్రి కూడా చేయవచ్చు. పాల వాసన రాకపోవడం వల్లనో ఏమో, మా పాప వాళ్ల నాన్న గుండెల మీదే తొందరగా ఊరుకునేది. ఎత్తుకున్నవారికి నిద్ర ముంచుకొస్తుంటే మాత్రం బిడ్డను తొట్టిలో పడుకోబెట్టేయాలి. సోఫాలోనో కుర్చీలోనో బిడ్డతో కలిసి నిద్రపోవడం చాలా ప్రమాదం.

మందుల గురించి ఒక్క మాట. గాలి పోవడానికి వాడే సిమెథికోన్ చుక్కలు పరీక్షల్లో మందేమీ లేని ఉత్తి చుక్కల కంటే మెరుగ్గా పనిచేసినట్టు తేలలేదు. గ్రైప్ వాటర్ కూడా అవసరం లేదు. ఆరు నెలల లోపు నీళ్లు వద్దు, ఏడాది లోపు తేనె అసలే వద్దు. తేనెలో ఉండగల ఒక రకం బ్యాక్టీరియా పసిబిడ్డల కండరాలను చచ్చుబడేలా చేయగలదు.

7. ఎంతకీ ఊరుకోకపోతే

డైపర్, ఒంటి వేడి చూడండి. కాలి వేళ్లూ, చేతి వేళ్లూ విడదీసి చూడండి. రాలిన తల వెంట్రుక ఒకటి వేలికి చుట్టుకుని బిగుసుకుపోయి ఉండవచ్చు. వేలు ఎర్రగా ఉబ్బి కనిపిస్తే, వెంట్రుక సులువుగా ఊడిరాకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

కారణం ఏదీ దొరకకుండా సాయంత్రం నుంచి రాత్రి దాకా గంటల తరబడి ఏడ్చే దశ ఒకటుంది. ఆరో వారం ప్రాంతంలో అది ఎక్కువై, మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. ఆ వారాల్లో మీకు కోపం తన్నుకొస్తే బిడ్డను తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, ఐదు పది నిమిషాలు బయట కూర్చోండి. ఆ కాసేపు ఏడిస్తే బిడ్డకు ఏమీ కాదు. ఊరుకోబెట్టాలని గట్టిగా కుదిపితే మెదడులో రక్తస్రావం కావచ్చు.

8. ఇవి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగవద్దు

మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే ఎక్కువ జ్వరం. ఆకుపచ్చ వాంతి. పాలు తాగిన ప్రతిసారీ దూరంగా చిమ్మినట్టు వాంతి. పొట్ట గట్టిగా ఉబ్బిపోవడం, మలంలో రక్తం. పాలు తాగడం మానేసి మందకొడిగా పడి ఉండటం, పగలు రాత్రి కలిపి తడిసే డైపర్లు బాగా తగ్గిపోవడం. ఊపిరి 20 సెకన్లకు మించి ఆగడం, పెదవులు నీలంగా మారడం, డొక్కలు ఎగరేయడం, ప్రతి ఊపిరికీ మూలగడం. నిద్రలో ఉండి ఉండి వచ్చే మూలుగు వేరు, మెలకువలోనూ ప్రతి ఊపిరితో వచ్చే మూలుగు వేరు. రెండోది ఊపిరి తీయడానికి కష్టపడుతోందనడానికి గుర్తు.

అంత తొందర లేని విషయమైతే, చప్పుడు చేస్తున్నప్పుడు అర నిమిషం ఫోనులో వీడియో తీసి ఉంచండి. బిడ్డ పొట్ట, ఛాతీ కనబడేలా బట్టలు తొలగించి తీయండి, మీరు మాట్లాడకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి బిడ్డ హాయిగా నిద్రపోతూ ఉంటుంది. రాత్రి ఏం జరిగిందో మాటల్లో చెప్పడం కంటే ఆ అర నిమిషం చూపించడం మేలు.