దీపాల వెలుగులో ఇంటి లోపల ఆర్కిడ్ల పెంపకం

ఇంటి లోపల ఆర్కిడ్లు పెంచాలనుకునేవారు వెలుతురు విషయంలో తమ కంటిని నమ్మకూడదు. కనుపాప ఉన్న వెలుగును బట్టి సర్దుకుంటుంది కాబట్టి, ఎర్రటి ఎండలో లక్ష లక్స్ (వెలుతురు ఎంత పడుతోందో చెప్పే కొలత) వరకు ఉండే వెలుతురుకూ, దీపం వేసిన గదిలో కొన్ని వందల లక్స్ దాటని వెలుతురుకూ మధ్య ఉన్న అంతరం మనకు పూర్తిగా తెలియదు. మొక్కకు మాత్రం ఆ అంతరమే ప్రాణం. మామూలు గది దీపం కింద ఆర్కిడ్ నెలల తరబడి పచ్చగానే కనిపించవచ్చు గాని, నిలవ ఉన్న శక్తిని ఖర్చు చేసుకుంటూ క్రమంగా చిక్కిపోతుందే తప్ప పూయదు. అందుకే కుండీ, ఎరువు వంటి వాటి కన్నా ముందు దీపం సంగతి తేల్చుకోవాలి.

ఆ దీపం ఎంత ఉండాలన్నది మొక్క రకాన్ని బట్టి మారుతుంది. ఫాలినాప్సిస్‌కు ఆకు మీద 10,000 నుంచి 15,000 లక్స్ పడితే చాలు. పాఫియోపెడిలమ్ కూడా ఇంచుమించు అంతే కోరుతుంది. కాట్లియాకు 20,000 నుంచి 30,000 లక్స్ కావాలి. వాండా అంతకన్నా ఎక్కువ వెలుగు అడుగుతుంది, పైగా ఎత్తుగా ఎదుగుతుంది కనుక దీపాల కింద దాన్ని పెంచడం కష్టం. కొత్తగా మొదలుపెట్టేవారు ఫాలినాప్సిస్‌నే ఎంచుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

దీపాల్లో తెల్లని వెలుగునిచ్చే ఎల్‌ఈడీలు, వెలుగు రంగును తెలిపే కెల్విన్ కొలతలో 4,000 నుంచి 6,500 మధ్య ఉన్నవి, ఈ పనికి చక్కగా సరిపోతాయి. ఊదారంగు దీపాల కింద కూడా మొక్క పెరుగుతుంది, కానీ ఆకు అసలు రంగు కనబడదు. ఆర్కిడ్ ఆరోగ్యాన్ని ముందుగా చెప్పేది ఆకు రంగే కాబట్టి ఆ నష్టం చిన్నది కాదు. పాతకాలపు ఫిలమెంట్ బల్బు వాడుకున్న విద్యుత్తులో చాలా భాగాన్ని వేడిగా మారుస్తుంది, అది పనికిరాదు. ఫ్లోరసెంట్ ట్యూబులైట్లు పనికొస్తాయి గాని, అవి పాతబడేకొద్దీ వెలుగు తగ్గుతుంది, ఆ తగ్గుదల కంటికి తెలియదు.

దీపాన్ని ఆకులకు సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తున కట్టి, లక్స్ మీటరును ఆకు ఉన్న చోటే, దీపం వైపు తిప్పి పెట్టి కొలవండి. మీటరు లేకపోతే ఫోనులోని లక్స్ యాప్‌తో ఒక అంచనాకు రావచ్చు. నడిమధ్యన ఒకసారి, నాలుగు మూలల్లో ఒక్కోసారి కొలిస్తే, అంచుల్లో వెలుగు ఎంతగా పడిపోతుందో తెలుస్తుంది. వెలుగు ఎక్కువ కోరే మొక్కలను మధ్యలోనూ, తక్కువ చాలినవాటిని అంచుల్లోనూ సర్దుకోవచ్చు. చిన్న బల్బు అయితే దూరం రెట్టింపైనప్పుడు వెలుగు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. పొడవాటి ట్యూబుల వరుస కింద ఈ తగ్గుదల అంత తీవ్రంగా ఉండదు. ఏదైనా సరే, నీడకు అలవాటుపడిన మొక్కను ఒక్కసారిగా బలమైన వెలుగు కిందికి తెస్తే ఆకులు మాడతాయి కనుక, రెండు మూడు వారాల వ్యవధిలో దీపాన్ని కొద్దికొద్దిగా దించాలి.

ఆ తరువాత ఆకులను చూస్తూ ఉండాలి. లేత గడ్డి రంగు ఆకుపచ్చ మనకు కావలసిన రంగు. చూడ్డానికి ఎంతో బాగుండే ముదురాకుపచ్చ నిజానికి వెలుగు చాలడం లేదన్న గుర్తు. ఆకు పసుపుబారినా, అంచులు ఎర్రబడినా వెలుగు మితిమీరినట్టు అనుమానించాలి. దీపం వెలుగుతుండగా ఆకు మీద చెయ్యి పెట్టినప్పుడు వెచ్చగా తగిలితే దీపాన్ని పైకి జరపాలి, లేదా గాలి ఆడేలా చూడాలి.

రోజుకు 12 నుంచి 14 గంటలు వెలుగు ఇవ్వండి. మిగిలిన సమయమంతా చీకటి ఉండి తీరాలి. ఫాలినాప్సిస్, కాట్లియా వంటి ఆర్కిడ్లు అడవిలో చెట్ల కొమ్మలను పట్టుకుని పెరిగే వృక్షోపజీవులు. వాటి వేళ్లకు తడిని నిలిపే మట్టి ఉండదు కాబట్టి, పగటి వేడిలో నీరు ఆవిరైపోకుండా పత్రరంధ్రాలను మూసి ఉంచి, రాత్రి తెరిచి బొగ్గుపులుసు వాయువును ఆమ్లాల రూపంలో దాచుకుంటాయి. మర్నాడు వెలుగు రాగానే ఆ నిలవతోనే ఆహారం తయారుచేసుకుంటాయి. ఎక్కువ వెలుగిస్తే ఎక్కువ పెరుగుతుందనుకుని రాత్రంతా దీపం వెలిగిస్తే మొక్కకు ఆ అవకాశం పోతుంది. ఒక టైమర్ పెట్టుకుంటే ఏ రోజూ మరచిపోయే ప్రమాదం ఉండదు.

నీళ్లు దీపం వెలిగిన వెంటనే పోయడం మంచిది, ఎందుకంటే చీకటిపడే వేళకు ఆకుల నడుమ ఉండే మొవ్వు ఆరిపోవాలి. అక్కడ నీరు నిలిస్తే మొవ్వు కుళ్లుతుంది. బెరడు ముక్కలు, బొగ్గు నింపిన పారదర్శకమైన కుండీ అయితే వేళ్లు కనబడతాయి: వెండి రంగుకు తిరిగితే దాహం, పచ్చగా ఉంటే ఇంకా ఆగాలి. దీపాల వేడికీ, ఫ్యాను గాలికీ కుండీ త్వరగా ఆరుతుంది కనుక వారానికి ఇన్నిసార్లని లెక్క పెట్టుకోకుండా వేరును చూసి పోయాలి. ఎరువు, సీసా మీద రాసిన మోతాదులో నాలుగో వంతు కలిపి వారానికొకసారి ఇస్తూ, నెలకొకసారి లవణాలు కొట్టుకుపోయేలా ఉత్త నీటితో కుండీని బాగా కడగండి. గాలిలో తేమ 50 నుంచి 70 శాతం ఉండాలి, చిన్న ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుండాలి.

ఇంత చేసినా ఫాలినాప్సిస్ పూయకపోతే కారణం తరచుగా వేడి. ఉష్ణోగ్రత 28 డిగ్రీల సెల్సియస్ దాటి కొనసాగితే అది ఆకులు వేస్తూ పోతుంది గాని పూలకాడ వేయదు. కొన్ని వారాల పాటు 25 డిగ్రీల లోపు, రాత్రిళ్లు ఇంకాస్త చల్లగా ఉంచితే కాడ తొంగిచూస్తుంది. అప్పటి నుంచి కుండీని తిప్పకూడదు. కాడ వెలుగు వైపే వంగుతుంది కాబట్టి, తిప్పిన ప్రతిసారీ మెలిక పడుతుంది. కాడ ఎదిగేకొద్దీ దీపాన్ని పైకి జరుపుతూ, మొగ్గలు దానికి తగలకుండా చూడండి. పండుతున్న పండ్లను కూడా ఆ గదిలో ఉంచకండి, వాటి నుంచి వెలువడే ఇథిలీన్ వాయువుకు మొగ్గలు రాలిపోతాయి. పూలన్నీ విచ్చుకున్నాక మొక్కను దీపం కింద నుంచి తీసి, నలుగురూ చూసే చోట కొన్ని వారాలు ఉంచుకోవచ్చు. పూలు రాలగానే తిరిగి దీపం కిందికి చేర్చాలి.