బడి గ్రౌండ్: పిల్లలు దిగకముందే చూసుకోవాల్సినవి

మన ఊళ్లలో హైస్కూల్ గ్రౌండ్ అంటే ఆటలకొక్కటే కాదు కదా. దసరాకి రావణాసురుణ్ణి కాల్చేది అక్కడే, ఎన్నికలొస్తే సభ అక్కడే, పెద్ద నాయకుడెవరైనా వస్తే హెలిప్యాడ్ అక్కడే, కోతలప్పుడు వడ్లు ఆరబోసేదీ అక్కడే, రాత్రయితే మందు సీసాలు పగిలేదీ అక్కడే. ఇవన్నీ అయిపోయాక తెల్లారి చెప్పుల్లేకుండా కబడ్డీకి దిగేది మాత్రం పిల్లలు. గ్రౌండ్‌లో దెబ్బలు తగిలి ఏడుస్తూ వచ్చిన పిల్లల్ని నేను చాలామందినే చూశాను, వాళ్లలో ఎక్కువమందికి తగిలినవి మేకులు, గాజుపెంకులు, గుంతల వల్లే. పీఈటీ సార్ ఒక్కరే ఇదంతా చూసుకోలేరు, అసలు పీఈటీ లేని బళ్లూ ఉన్నాయి. అక్కడే ఆడుకునే కుర్రాళ్లు ఏడెనిమిది మంది కలిస్తే చాలు, పని జరిగిపోతుంది.

మొదటి పని నడవడం. చేతులు చాపితే ఒకరి వేళ్లు ఒకరికి తగిలేంత దూరంలో వరసగా నిలబడి, గ్రౌండ్ ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా నేల చూస్తూ నడవాలి, తర్వాత అడ్డంగా ఇంకోసారి. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడే టైంలో అయితే మంచిది, గాజుముక్క తళుక్కుమంటుంది, చిన్న గుంతకి కూడా నీడ పడి తెలిసిపోతుంది. అదే మధ్యాహ్నం చూస్తే నేలంతా ఒకేలా కనబడుతుంది. చేతిలో ఒక బకెట్, పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతానికి తాడు కట్టి ఇంకొకరి చేతిలో. మేకులు, బోల్టులు, తీగముక్కలు దానికే అంటుకుంటాయి. రావణ దహనం జరిగినచోట బూడిద ఎత్తేస్తే సరిపోదు, బొమ్మకి కొట్టిన మేకులూ కట్టుతీగలూ కింద మట్టిలో ఉండిపోతాయి, పై పొర మట్టిని కూడా పారతో గీకి తీసేయండి.

షామియానాలు వేసి తీసిన చోట ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఇనప గూటాలు పీకేశాక నిలువునా లోతైన బొక్క మిగులుతుంది, చుట్టూ గడ్డి వాలితే అది పైకి కనబడదు, పరిగెత్తే పిల్లాడి కాలు సరిగ్గా అందులోనే దిగుతుంది. కర్రతో పొడుచుకుంటూ వెళ్లండి. విరిగిన గూటం నేలలో ఉండిపోతే సుత్తితో లోపలికి కొట్టేయకండి, రెండు వానలకు మట్టి కొట్టుకుపోయి దాని మొన మళ్లీ పైకి తేలుతుంది. తవ్వి బయటికి తీయాల్సిందే. సభలకి గ్రౌండ్ ఇచ్చేటప్పుడే ‘గుంతలు పూడ్చి, చెత్త ఎత్తి అప్పజెప్పాలి’ అని హెడ్‌మాస్టర్ గారు కాగితం మీద రాయించుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

గ్రౌండ్‌లో మొలిచేవాటిలో పల్లేరుని అస్సలు వదలొద్దు. వానలకి నేలమీద పాకుతూ పసుపుపచ్చటి చిన్న పూలు పూస్తుంది, ఆ దశలోనే వేరుతో లాగేయాలి, కాయలు ఎండి రాలాక పీకినా ముళ్లు నేలలోనే ఉంటాయి. పీకిన దాన్ని గట్టు మీద పడేస్తే మళ్లీ అక్కడి నుంచే వస్తుంది, దూరంగా తీసుకెళ్లి కాల్చేయండి. వయ్యారిభామని పూతకి రాకముందే గ్లౌజులు వేసుకుని పీకండి, దానివల్ల దద్దుర్లు, తుమ్ములు, కొందరికి ఆయాసం కూడా వస్తాయి. గరికని మాత్రం దయచేసి ఉండనివ్వండి! పెద్ద పెద్ద స్టేడియాల్లో వేసే బెర్ముడా గడ్డి కూడా ఈ గరిక జాతిదే. గ్రౌండ్ క్లీన్ చేద్దామని జేసీబీ పెట్టి నున్నగా గీకించేస్తుంటారు, అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. గరిక పోతుంది, కింది రాళ్లు పైకొస్తాయి, మొదటి వానకే మట్టి కొట్టుకుపోతుంది. గరిక లేనిచోట తొలకరి పడ్డాక కణుపులున్న తీగముక్కల్ని జానెడు దూరంలో నాటి, అల్లుకునేదాకా ఆ వైపు ఆటలు ఆపితే చాలు.

ఇక గుంతలు. గుంతలో ఎండుమట్టి గుమ్మరించి పైన నాలుగుసార్లు తొక్కితే వారానికి మళ్లీ అదే గుంత. అంచుల్ని తవ్వి వదులు చేసి, తడిపి, మూడు నాలుగు అంగుళాల మట్టి పోసి దిమ్మిసతో కొట్టాలి, ఆపైన ఇంకో పొర, మళ్లీ దిమ్మిస. ఇటుకముక్కలు, పాత సిమెంట్ పెళ్లలు వేయకండి. నల్లరేగడి నేలల్లో ఎండాకాలం పడే బీటల్లో మడమ ఇరుక్కుంటుంది, వాటిని ఇసుక కలిపిన ఎర్రమట్టితో నింపాలి. వాన నీళ్లు నిలవకుండా నడిమి నుంచి అంచులకి కొద్దిగా వాలు ఉండాలి, 100 అడుగులకు ఒక అడుగు దిగితే సరిపోతుంది. రోలర్ తిప్పేది నేల కాస్త చెమ్మగా ఉన్నప్పుడు, బురదగా ఉన్నప్పుడు కాదు. పని అయ్యాక దానికి రాళ్లు అడ్డంపెట్టి గొలుసుతో కట్టేయండి, పిల్లలు దాన్ని దొర్లించి ఆడుకుంటారు.

కబడ్డీ కోర్టు గట్టిదనం చూడ్డానికి ఒక స్క్రూడ్రైవర్ చాలు. అరచేత్తో నొక్కితే మూడు నాలుగు అంగుళాలు దిగాలి. దిగకపోతే ఆ నేల మీద పడ్డవాడి భుజం, మోకాలు ఏమవుతాయో చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు అర అడుగు లోతు తవ్వి, గడ్డలు చితక్కొట్టి, జల్లెడ పట్టి, ఇసుక, వరి ఊక కలిపి పరవాలి. నీళ్లు చల్లేది ముందురోజు సాయంత్రం, పొద్దున్నే చల్లితే పైన జారుడు, కింద రాయి. మొరం పోసి చదును చేసిన గ్రౌండైతే జల్లెడ పట్టిన మట్టి పైన పరవకుండా కబడ్డీ పెట్టొద్దు, చర్మం లేచిపోతుంది. మగవాళ్ల కోర్టు 13 బై 10 మీటర్లు, ఆడవాళ్లది 12 బై 8, కానీ కొలవాల్సింది గీతల లోపలే కాదు, చుట్టూ 4 మీటర్ల దాకా గోడ, చెట్టు, బెంచీ, బైకు ఏదీ ఉండకూడదు. కూత పెట్టినవాణ్ణి నలుగురు కలిసి బయటికి తోసేసేది అటే కదా. లాంగ్‌జంప్ గుంట సంగతీ ఇంతే, ఇసుక బిగిసిపోతుంది కాబట్టి ఆడేముందు ప్రతిసారీ అడుగు లోతు తిరగేసి, చదును చేయాలి. ఆ పని చేసిన పారని గుంట పక్కనే వదిలేయకండి.

ఇనప స్తంభాల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగండి. వాలీబాల్ పోల్, గోల్‌పోస్టు, ఖోఖో స్తంభం, ఏదైనా సరే, తుప్పు పట్టేది సరిగ్గా నేలని తాకే చోట. పైన ఏటా రంగు వేస్తారు కాబట్టి కొత్తదానిలా మెరుస్తుంటుంది, కింద గడ్డి, మట్టి కప్పేసిన రెండంగుళాల మేర తడి ఆరక లోపల లోపల తినేస్తుంటుంది. మట్టిని వేళ్లతో పక్కకి తోసి, పాత చెంచాతో ఆ రింగు చుట్టూ గీకండి. పొరలు పొరలుగా పెచ్చులు ఊడుతున్నా, సుత్తితో కొడితే ఖంగుమనకుండా డొల్లగా మోగినా, గట్టిగా ఊపితే మొదట్లో కదిలినా ఆ పోల్‌తో ఆ రోజే ఆట ఆపేయాలి. ‘ఈ టోర్నమెంట్ అయ్యాక చూద్దాం’ అనకండి.

గోల్‌పోస్టు నేలలో పాతింది కాకపోతే వెనక అడ్డబద్దె మీద ఇసుకబస్తాలు వేసి కట్టడమో, గూటాలు దిగ్గొట్టడమో తప్పనిసరి. పిల్లలు పై బద్దె పట్టుకుని వేలాడతారు, పోస్టు ముందుకి పడితే తల మీదే పడుతుంది, అలా వేరే దేశాల్లో కూడా పిల్లలు చనిపోయారు. వాలీబాల్ పోల్స్‌ని తాళ్లు, తీగలు కట్టి నిలబెట్టడం మన దగ్గర మామూలే కానీ నిబంధనలు దానికి ఒప్పుకోవు, చీలమండ ఎత్తులో ఉండే తీగ బంతి మీదే కళ్లు పెట్టి పరిగెత్తేవాడికి కనబడదు. సైడ్ లైన్‌కి అర మీటరు నుంచి మీటరు దూరంలో కాంక్రీటు వేసి పాతాలి, నెట్ బిగించే కొక్కేలకి, పోల్‌కి పాత ఫోమ్ చుట్టి తాడుతో కట్టాలి. కాంక్రీటు క్రికెట్ పిచ్ ఉంటే దాని అంచులు చూడండి, చుట్టూ మట్టి కిందికి దిగి మెట్టులా తయారవుతుంది. అక్కడ మట్టి నింపి సమానం చేయండి, మ్యాట్ మేకులు ఆట అయ్యాక లెక్కపెట్టుకుని తీయండి.

గీతలకి సున్నం వాడకండి, అది తడిసిన సున్నమైనా సరే. చెమట పట్టిన ఒంటికి మంట, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. కబడ్డీలో మొహం నేలకి ఆనుతుంది కాబట్టి ఇంకా డేంజర్. రాతి ముగ్గుపిండి చాలు, కొనేటప్పుడు అందులో సున్నం కలపలేదని అడిగి మరీ తీసుకోండి. కంట్లో సున్నం పడితే నలపకుండా, ఆపకుండా ఇరవై నిమిషాలు మంచినీళ్లతో కడుగుతూనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

సంక్రాంతి నైట్ టోర్నమెంట్లకి ఫ్లడ్‌లైట్లు పెట్టేటప్పుడు వైర్లు నేలమీద పరవొద్దు, కోర్టు తడిపి ఉంటుంది. లైన్‌కి 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్ పెట్టమని ఎలక్ట్రీషియన్‌కి గట్టిగా చెప్పండి. వానల్లో ఇంకో టెన్షన్ పిడుగులు. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 అంకెలు లెక్కపెట్టేలోపే ఉరిమితే అందరూ బడి భవనంలోకి వెళ్లాలి, వేపచెట్టు కిందకి కాదు, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావొద్దు. నానిన ప్రహరీగోడ పక్కన ఎవర్నీ కూర్చోనివ్వకండి. మూతలేని బోరుగుంత కనబడితే మూయించే పని అప్పటికప్పుడే చేయించండి.

పదేళ్లకి, పదహారేళ్లకి ధనుర్వాతం రాకుండా వేసే టీడీ టీకా వేయించారో లేదో ఏఎన్‌ఎం దగ్గర కనుక్కోండి, మేకు గుచ్చుకున్నాక వెతుక్కోవడం కంటే అది నయం. ఒక నోట్‌బుక్ పెట్టి తేదీ, ఏం కనబడింది, ఎవరు సరిచేశారు, ఏది మిగిలిపోయింది అన్నది రాయండి, పంచాయతీలో పోల్స్‌కి డబ్బులు అడిగేటప్పుడు ఆ నోట్‌బుక్కే మీ తరఫున మాట్లాడుతుంది. 108 బండి పట్టేంత గేటు ఏదో, దాని తాళం ఎవరి దగ్గరుంటుందో, ఆయన ఊళ్లో లేకపోతే రెండో తాళం ఎవరి దగ్గరుందో, ఫోన్ నంబర్లతో సహా దాని మొదటి పేజీలోనే రాసిపెట్టండి.