సీ[0,1] రింగ్ ప్రశ్నలకు ముందు గ్రాఫ్ గీయండి

హనుమకొండలో రూమ్ తీసుకుని నెట్, సెట్‌కు చదువుతున్న మ్యాథ్స్ వాళ్ల కోసం రాస్తున్నా. [0,1] మీది కంటిన్యువస్ ఫంక్షన్ల రింగ్ (కూడిక, గుణకారం చేయగలిగే సముదాయం, అదే సీ[0,1]) ప్రశ్న వస్తే డెఫినిషన్లతో కుస్తీ పట్టడంలోనే టైమ్ అయిపోతుంది.

ముందు గ్రాఫ్ గీసి, అది ఎక్స్ అక్షాన్ని ఎక్కడ తాకుతుందో చూడండి. ఎక్కడా తాకకపోతే యూనిట్ (గుణకార విలోమం ఉన్నది). ఫంక్షన్ పూర్తిగా సున్నా కాకుండా, ఏదో ఒక చిన్న ఇంటర్వెల్ పొడవునా సున్నాగా ఉంటే జీరో డివైజర్ (సున్నా కాని మరోదానితో గుణిస్తే సున్నా వచ్చేది). విడి బిందువుల్లోనే తాకితే రెండూ కాదు. ఎక్స్ − 1/2 అలాంటిదే. మాడ్యులో ఎన్ (ఎన్‌తో భాగించి శేషమే చూసే) లెక్కల్లో సున్నా కానిది యూనిట్ కాకపోతే జీరో డివైజరే కదా, ఆ అలవాటుతోనే ఇక్కడ మార్కులు పోతాయి.

ఐడెంపొటెంట్లు (తనతో తాను గుణిస్తే తానే వచ్చేవి) ఎన్ని అని అడిగితే స్పేస్‌లో కనెక్టెడ్ ముక్కలు లెక్కపెట్టండి. [0,1], [2,3], [4,5] కలిపిన స్పేస్‌కు మూడు ముక్కలు, ఒక్కో ముక్క మీద విలువ అంతటా 0 లేదా అంతటా 1, అంటే 2×2×2 = 8.

ఒక్క జాగ్రత్త. ఐడియల్ అంటే కూడికలోనూ, రింగ్‌లో దేనితో గుణించినా తన బయటికి పోని ఉపసముదాయం; మొత్తం రింగ్ కాకుండా ఇక పెంచలేనిది మ్యాక్సిమల్. మ్యాక్సిమల్ ఐడియల్ అంటే ఒక బిందువు దగ్గర సున్నా అయ్యే ఫంక్షన్లన్నీ అనే సూత్రం కాంపాక్ట్ స్పేస్ ([0,1] లాంటిది) వరకే నమ్మండి. రియల్ లైన్ మొత్తం తీసుకుంటే అది తప్పుతుంది: కాంపాక్ట్ సపోర్ట్ ఉన్న (ఒక పరిమిత ఇంటర్వెల్ బయట అంతా సున్నా అయ్యే) ఫంక్షన్లన్నిటినీ కలుపుకున్న మ్యాక్సిమల్ ఐడియల్ ఏ బిందువుదీ కాదు.