ఏజెన్సీ ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఏజెంటుకు నిజంగా పనికొస్తుందో లేదో తేల్చుకోవడం ఎలా?

కొత్త ఏజెంట్లను చేర్చుకునేటప్పుడు రియల్ ఎస్టేట్ ఏజెన్సీలు తమ యాప్ గురించి గొప్పగా చెబుతాయి. డెమోలో అంతా చక్కగానే నడుస్తుంది. కానీ ఆ యాప్‌తో రోజూ తిప్పలు పడాల్సింది మీరు. కాబట్టి ఒప్పందం మీద సంతకం పెట్టకముందే సొంతంగా పరీక్షించి చూడండి.

1. ముందు మీ టైమ్ ఎటు పోతోందో ఒక వారం రాసుకోండి. ఫోన్లు, ఇళ్లు చూపించడం, ఫొటోలు, ప్రకటనలు, కాగితాల పని... వీటిలో ఎక్కువ గంటలు తినేసే రెండు పనులు తేలిపోతాయి. ఆ రెండింటినీ తగ్గించని సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని ఫీచర్లున్నా మీకు ఒరిగేది తక్కువ.

2. అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఇది. ఏజెన్సీకి ముందే చెప్పి, వాళ్ల వెబ్‌సైట్‌లో ఒక ఇంటి గురించి కొనేవాళ్లలాగే వివరాలు అడగండి. ఆ ఎంక్వయిరీ ఏజెంటు ఫోన్‌కి ఎన్ని నిమిషాల్లో చేరింది? పేరు, నంబరు, అడిగిన ఇల్లు ఒకేచోట కనిపిస్తున్నాయా? లేక మేనేజర్ చూసి, ఎవరికివ్వాలో ఆలోచించి పంపేదాకా ఆగాలా? ఆన్‌లైన్ ఎంక్వయిరీలపై ఒక పరిశోధనను 2011లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూ ప్రచురించింది. గంటలోపు స్పందించిన కంపెనీలకు, ఇంకో గంట ఆలస్యం చేసినవాటికంటే, నిర్ణయం తీసుకునే మనిషితో పనికొచ్చే సంభాషణ జరిగే అవకాశం దాదాపు 7 రెట్లు ఎక్కువని అందులో తేలింది. అందుకే ఈ ఆలస్యాన్ని తగ్గించే మామూలు యాప్, అందమైన డ్యాష్‌బోర్డు కంటే నా దృష్టిలో ఎంతో మేలు.

3. ఒక ఇంటి వివరాలు ఎక్కించి చూడండి. ఒకసారి టైప్ చేస్తే వెబ్‌సైట్‌కీ, ప్రకటనకీ, ఒప్పందం కాగితానికీ అవే వెళ్లాలి. మూడుచోట్లా మళ్లీ కొట్టాల్సి వస్తే పని పెరిగినట్టే.

4. ధర అంచనా వేసే టూల్ ఉంటే, ఈమధ్య అమ్ముడైన కొన్ని ఇళ్లకు అమ్మకానికి ముందు అది ఎంత చూపించిందో అడగండి. అమ్మకం ధర నమోదయ్యాక చూపించే అంచనాను బట్టి దాని సత్తా తెలియదు. అమెరికాలో ఇళ్ల ప్రకటనల వెబ్‌సైట్ నడిపే జిల్లో కంపెనీ, ఇళ్లను తానే కొని అమ్మే వ్యాపారం నడిపి, ధరలను ముందుగా ఊహించడం అనుకున్నదానికంటే చాలా కష్టమని చెబుతూ 2021 నవంబరులో దాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. అంత డేటా ఉన్న సంస్థకే అలా అయినప్పుడు, టూల్ చెప్పిన ధరను అలాగే క్లయింటుకు చెప్పేయకండి.

5. మీ కాంటాక్టులు ఎవరివి? ఏజెన్సీ మారితే క్లయింట్ల జాబితాను సీఎస్‌వీ ఫైలుగా (ఎక్సెల్ లాంటి యాప్‌లో తెరుచుకునే పట్టికగా) తీసుకెళ్లనిస్తారో లేదో ఒప్పందంలో చదవండి. నోటిమాటను నమ్మొద్దు. ఏళ్లతరబడి కూడబెట్టుకున్న పరిచయాలే ఏజెంటుకు ఆస్తి, అవి చేజారితే ఏ టెక్నాలజీ తెచ్చివ్వలేదు.

6. చివరగా అక్కడ పనిచేసే ఏజెంట్లతో మాట్లాడండి. కొత్తవాళ్లను చేరిస్తే వాటా దక్కేవాళ్ల మాట కాస్త తగ్గించి వినాలి. "బాగుందా?" అని అడక్కండి, నిన్న యాప్‌లో ఏం చేశారో ఫోన్ తీసి చూపించమనండి. చాలామంది ఇంకా నోట్‌బుక్, వాట్సాప్‌తోనే పని నడిపిస్తుంటే, టెక్నాలజీ ఫీజు పేరుతో కమిషన్‌లో కోసే మొత్తాన్ని తీసేయమని అక్కడే అడగండి.