యూరప్ వేగ రైళ్లు: టికెట్ కొనేముందు మార్పు నిబంధన చూడండి

యూరప్‌లో వేగ రైళ్ల టికెట్ కొనేవారు ధర కన్నా ముందు, దానిని మార్చుకునే వీలుందో లేదో చూసుకోవాలని నా మనవి. జర్మనీ ఐసీఈ రైళ్లలో అన్నిటికన్నా చవకైన 'సూపర్ స్పార్‌ప్రైస్' టికెట్‌ను రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాదు, పైగా అందులో రాసిన రైలే ఎక్కాలి. 'ఫ్లెక్స్‌ప్రైస్' అయితే ఆ రోజు అదే మార్గంలో ఏ రైలైనా ఎక్కవచ్చు. విమానం దిగిన రోజునే రైలెక్కేవారికి రెండోదే మేలు. అయితే చవక టికెట్ ఉన్నా, గమ్యానికి కనీసం 20 నిమిషాలు ఆలస్యంగా చేరే పరిస్థితి ఏర్పడితే రాసిన రైలే ఎక్కాలన్న కట్టుబాటు తొలగి, మరో రైలు ఎక్కే హక్కు వస్తుంది. ఆలస్యం కనిపించే ప్లాట్‌ఫారం బోర్డును ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకుంటే టికెట్ తనిఖీ వేళ పనికొస్తుంది.

ఐసీఈ రెండో తరగతిలో టికెట్ వేరు, సీటు రిజర్వేషన్ వేరు. మన రైళ్ల అలవాటుతో చాలామంది ఇక్కడే పొరబడతారు. ఫ్రాన్స్ వేగ రైలు టీజీవీలో మాత్రం రిజర్వేషన్ తప్పనిసరి. ఒకే పాస్‌తో పలు యూరప్ దేశాల రైళ్లు ఎక్కే వీలిచ్చే యూరైల్ పాస్ ఉన్నవారూ సీటుకు విడిగా చెల్లించాలి, పాసుదారులకు కేటాయించే సీట్లు పరిమితం కనుక వేసవి ప్రయాణాలకు ముందుగానే తీసుకోవాలి. యూరప్‌లో ఉద్యోగరీత్యా స్థిరపడిన మనవాళ్లు భారత పాస్‌పోర్టుతో ఉన్నా, కొనవలసింది యూరైల్ కాదు, యూరప్ నివాసుల కోసం ఉన్న అలాంటి పాస్ ఇంటర్‌రైల్. అక్కడ చూసేది నివాసాన్నే.