గుంటూరు నుంచి సూర్యలంకకు: స్నేహితుడితో కలిసి కుక్కలను సముద్రపు ఒడ్డున నడిపించడం ఎలా?

మా రాజుగాడు నాటు కుక్క. మా స్నేహితుడి సిరి లాబ్రడార్, 28 కిలోలుంటుంది. వాడిది బెజవాడ, నాది గుంటూరు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం, చలికాలమే కదా అని తీరిగ్గా ఇడ్లీలు తిని బయల్దేరి పదిన్నరకు ఇసుకలో దిగాం. వెళ్ళేటప్పుడు రెండూ ఒకటే గంతులు. తిరిగి వచ్చేటప్పుడు సిరి ఎండలో కూలబడి ఇక లేవనంది. పాదాలు కమిలిపోయాయి. తువ్వాలు దాని పొట్ట కిందుగా వేసి, చెరో కొస పట్టుకుని కారు దాకా మోసుకొచ్చాం. దారిపొడుగునా జనం ఫోన్లు తీసి వీడియోలే వీడియోలు. ఆ తర్వాత చాలాసార్లు వెళ్ళాం. కింద రాసినవన్నీ అలా తెలిసొచ్చినవే.

మొదటి పని: రోజు, వేళ చూసుకోవడం

డిసెంబరు, జనవరి నెలలు మంచివి. కార్తీక మాసంలో సముద్ర స్నానాలకు వచ్చే జనంలో మనిషికే నడవడానికి చోటుండదు, పౌర్ణమి నాడైతే చెప్పక్కర్లేదు. ఆదివారాలు కూడా వదిలేయండి. గుంటూరు నుంచి బాపట్ల 50 కిలోమీటర్లు, అక్కడి నుంచి సూర్యలంక ఇంకో 9. తెల్లవారుజామున 5 గంటలకు బయల్దేరితే వెలుతురు వచ్చే వేళకు అక్కడుంటారు. తొమ్మిదికల్లా మళ్ళీ కారెక్కాలి.

వీలైతే ఆటు సమయం చూసుకోండి. నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు తడి ఇసుక గట్టిగా, చల్లగా ఉంటుంది. కుక్క పాదాలకు అంతకంటే మంచి నేల లేదు. అమావాస్యకు, పౌర్ణమికి పోటూ ఎక్కువే, ఆటూ ఎక్కువే కాబట్టి ఆటు వేళకు ఆ తడి చారిక ఇంకా వెడల్పుగా ఉంటుంది, పోటు వేళకు వెళ్తే మాత్రం పొడి ఇసుకలో ఈడ్చుకుంటూ నడవాల్సి వస్తుంది.

బెజవాడ వాళ్ళకు బందరు మీదుగా మంగినపూడి దగ్గర. కానీ అక్కడ నల్లమట్టి. ఒకసారి దిగిన కుక్కను మళ్ళీ కారెక్కించాలంటే ధైర్యం కావాలి.

రెండో పని: ముందు రెండు కుక్కలకూ పరిచయం

దీన్ని చాలామంది పట్టించుకోరు. నేరుగా కారులో పక్కపక్కన కూర్చోబెట్టి, పొన్నూరు చేరేసరికి కొట్లాట తీర్చలేక చస్తారు. వారం ముందే ఒకసారి కలపండి. మీ ఇంట్లోనూ వద్దు, వాళ్ళింట్లోనూ వద్దు. ఎవరిల్లు వాళ్ళది అనే పట్టింపు మనకంటే కుక్కలకే ఎక్కువ. రెండిటికీ కొత్తదైన వీధో, కాలువ గట్టో చూసుకోండి. ఎదురెదురుగా తీసుకురాకూడదు. రోడ్డుకు ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి, ఒకే దిక్కుకు నడిపించండి. పావుగంట పోయాక కొంచెం దగ్గరికి, ఇంకొంచెం దగ్గరికి. ఒళ్ళు బిగించి, తోక నిక్కబొడుచుకుని, కళ్ళార్పకుండా చూస్తుంటే మళ్ళీ దూరం జరగండి. వెనక నుంచి వాసన చూసి పక్కకు తిరిగితే పని అయినట్టే. మా రాజుగాడికి మూడు సాయంత్రాలు పట్టింది. వాడికి కొంచెం పొగరు.

అదే సమయంలో స్నేహితుడితో కూడా ఒక ఒప్పందానికి రండి: ఏ క్షణంలోనైనా ఇద్దరిలో ఒకరి కళ్ళు కుక్కల మీదే ఉండాలి. ఒకరు టీ తాగితే ఒకరు కాపలా. ఇద్దరూ కలిసి సెల్ఫీ దిగాలంటే ముందు కుక్కలను కారెక్కించండి. అద్దాలెత్తిన కారు ఎండలో ఎంత తొందరగా కాలిపోతుందో తెలుసు కదా, ఒకరు వాటితో ఉండాల్సిందే. అంటే సెల్ఫీ లేనట్టే.

రేబీస్ టీకా గడువు, గోమార్ల మందు వేసిన తేదీ ఇద్దరూ చూసుకోండి. బాపట్లలో పశువుల డాక్టరు ఫోన్ నంబరు ముందే దగ్గర పెట్టుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది.

సంచిలో ఏం వేసుకోవాలి?

ఒక్కో కుక్కకు 2 లీటర్ల మంచినీళ్ళు, వెడల్పు గిన్నె, పాత తువ్వాళ్ళు రెండు, ముళ్ళు తీయడానికి చిన్న పట్టకారు. ఇనుప గొలుసు ఎండకు కాలుతుంది, ఆరడుగుల నైలాన్ తాడు మేలు. బంతి తేవద్దు. తడి బంతికి అంటిన ఇసుకంతా కుక్క కడుపులోకి పోతుంది, పేగుల్లో అడ్డుపడిందంటే ఆపరేషన్ దాకా వస్తుంది. బయల్దేరే ముందు కడుపునిండా పెట్టకండి, కారులో కక్కుతాయి.

నడక

కారు దిగగానే నీళ్ళు పెట్టండి. దాహంగా ఉన్న కుక్క ఉప్పునీళ్ళు తాగుతుంది, తాగితే వాంతులు, విరేచనాలు. ఎక్కువ తాగితే ప్రాణం మీదికే వస్తుంది.

ముందు సరుగుడు తోటల నీడలో నడవండి. అది ఎవరి తోటో కనుక్కుని, అడిగి వెళ్ళడం మర్యాద. రాలిన ఆకు మెత్తగా పరుపులా ఉంటుంది, దాని కింద రక్తపింజర కూడా ఉండొచ్చు. మనిషి ముందు, కుక్క వెనక. పాము కరిస్తే గాటు పెట్టొద్దు, తాడు కట్టొద్దు. కుక్కను నడవనీయకుండా ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. ఎయిర్‌ఫోర్స్ వాళ్ళ కంచె ఉన్న వైపు అసలు పోవద్దు.

తోట దాటాక తిన్నెలు వస్తాయి. అక్కడ రావణాసురుడి మీసాలని ఒక గడ్డి ఉంటుంది, కొసలు సూదుల్లాంటివి. కుక్క కంటి ఎత్తులోనే ఉంటుంది కాబట్టి దానికి దూరంగా నడిపించండి. జనవరి నుంచి ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. కుక్కకు ఆ వాసన చాలు, తవ్వేస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటి జోలికి పోవడం నేరం. తాడు వదలకండి, అటవీశాఖ వాళ్ళు కంచె వేసిన చోటికి తిరిగి కూడా చూడకండి. చీకటి పడ్డాక కుక్కతో ఒడ్డుకు రావొద్దు. మడ అడవుల అభయారణ్యంలోకి కుక్కలను తీసుకెళ్ళే ఆలోచనే వద్దు.

ఒడ్డున ఊరకుక్కల గుంపు ఎదురవుతుంది. అది వాటి ఇలాకా. రాయి తీయకండి, పరుగెత్తకండి. మీరిద్దరూ బయటివైపు, మీ కుక్కలు మధ్యలో, వంపుగా చుట్టి వెళ్ళిపోండి. వలలు ఆరేసిన చోట చేప ముక్కలు, గాలాలు పడి ఉంటాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చేపను, ముఖ్యంగా బుడగలా ఉబ్బే రకాన్ని, కుక్క నోట పెట్టనీయకండి. అందులో విషం ఉంటుంది. దుకాణాల దగ్గర వేపుడు చేపల ముళ్ళు, ఉల్లిపాయ బజ్జీలు కూడా అంతే. ఉల్లి కుక్కకు పడదు.

ఎప్పుడు వెనక్కి తిరగాలి? కుక్కను చూసి నిర్ణయించకండి, గడియారం చూసి నిర్ణయించండి. మీరు నడుస్తున్నంతసేపూ అది నడుస్తుంది, అలసట కనిపించనీయదు. మొత్తం గంటన్నర అనుకుంటే నలభై నిమిషాలకే వెనక్కి తిరగాలి. మధ్యమధ్య మీ చేతి వెనక భాగం పొడి ఇసుక మీద పెట్టి ఏడు అంకెలు లెక్కపెట్టండి. పెట్టి ఉంచలేకపోతే కుక్క కూడా నడవలేదు.

నాలుక బాగా వేలాడేసి ఆగకుండా ఒగరుస్తూ, చొంగ చిక్కబడి, అడుగులు తడబడితే అది వడదెబ్బ. మామూలుగా 38 నుంచి 39 డిగ్రీల మధ్య ఉండే ఒంటివేడి 41 దాటితే ప్రమాదమే. నీడకు చేర్చి ఒళ్ళంతా నీళ్ళు పోయండి, ముఖ్యంగా పొట్ట, తొడల లోపలి వైపు. గాలి విసరండి. తడి గుడ్డ కప్పి అలాగే వదిలేస్తే వేడి లోపలే ఉండిపోతుంది. కాస్త తేరుకున్నా డాక్టరుకు చూపించాల్సిందే. పగ్ లాంటి చప్పిముక్కు కుక్కలను ఇంత దూరం నడిపించనే వద్దు.

తిరిగి వచ్చాక

కారెక్కించే ముందు మంచినీళ్ళతో ఉప్పు కడిగేయండి. ఇంటికొచ్చాక కాలివేళ్ళ సందులు విడదీసి పల్లేరు ముళ్ళు, చెవుల వెనక గోమార్లు వెతకండి. గోమారిని నలపకండి, పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిలువుగా లాగండి. చెవులు ఆరబెట్టండి. రాత్రికి పలచటి పెరుగన్నం చాలు. ఆ తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరం వచ్చినా, తిండి మానేసినా, డాక్టరుకు సముద్రం దగ్గరికి తీసుకెళ్ళామని, ఒంటి మీద గోమార్లు కనిపించాయని తప్పకుండా చెప్పండి. మా వాడి టిక్ ఫీవర్ బయటపడింది అలాగే.