రాత్రిపూట ఫోన్ గొడవ తగ్గాలంటే

11–14 ఏళ్ల పిల్లలున్న ఇళ్లలో పడుకునే వేళ ఒకటే రభస: "ఫోన్ పెట్టెయ్", "ఒక్క నిమిషం".

పడగ్గదుల్లోని ఛార్జర్లన్నీ తీసి హాల్లో ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి. నిద్రకు గంట ముందు అందరి ఫోన్లూ అక్కడికే, అమ్మానాన్నలవీ. అలారం సాకు రాకుండా మామూలు గడియారం ఒకటి కొనండి. అర్జెంటు కాల్ రావొచ్చంటే రింగ్ పెంచి అక్కడే ఉంచండి.

15 నిమిషాల ముందే చెప్పడం మాత్రం మరవొద్దు. స్నాప్‌చాట్ యాప్‌లో ఇద్దరు స్నేహితులు రోజూ ఒకరికొకరు ఫొటోనో వీడియోనో పంపుకుంటూ నిలబెట్టే వరుసను స్ట్రీక్ అంటారు; పంపకుండా 24 గంటలు దాటితే అది పోతుంది. స్నేహితులతో మాట సగంలో ఆగినా వాళ్లకది నిజంగా కష్టమే. ముగించుకోనివ్వండి.

పెద్దవాళ్ల ఫోన్ ఒక్కటి గదిలోకి వెళ్లినా ఈ పద్ధతి నిలవదు. చేతిలోంచి లాక్కుంటే పిల్లలు దాచి వాడటం మొదలుపెడతారు.